కొత్త ప్రాసెసర్ వచ్చేదాకా ఆగాలా, ఇప్పుడే ల్యాప్‌టాప్ కొనాలా?

హాలియా నుంచి ఒక అన్న అడిగిన ప్రశ్న ఇది. వాళ్లమ్మాయి ఇబ్రహీంపట్నం దగ్గర ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్‌లో ఉంటూ సీఎస్‌ఈ మూడో సంవత్సరం రెండో సెమిస్టర్ చదువుతోంది. 2019లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది: ఇంటెల్ ఐ5-8265యు ప్రాసెసర్ (8వ జనరేషన్), 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేస్తే తెరుచుకోవడానికే ఐదు నిమిషాలు పడుతోందట. 60 వేల లోపు కొత్తది కొందామనుకుంటే, బంధువుల అబ్బాయి ఒకతను ఆపాడట. "జనవరిలో ఇంటెల్ కొత్త చిప్‌లు దింపింది, జూన్ దాకా ఆగితే అవే మీ బడ్జెట్‌లోకి వస్తాయి, లేదంటే పాతవైనా తగ్గుతాయి" అన్నాడట. ఆగాలా, కొనాలా అని అడుగుతున్నారు.

అన్నా, నేను నల్గొండలో ల్యాప్‌టాప్‌ల అమ్మకం, సర్వీసు రెండూ చూస్తాను. ముందు సమాధానం చెప్తాను, కారణాలు తర్వాత.

కొత్త ప్రాసెసర్ కోసం ఆగొద్దు. అలాగని ఈరోజే షాపుకు పోవద్దు. ఈ వారమే పాత ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ పనే చాలా వేగంగా చేసే డిస్క్) వేయించి, విండోస్ 11 ఎక్కించండి. అమ్మాయిని రెండు మూడు వారాలు వాడనివ్వండి. ఆమె పనికి అది సరిపోతే ఫైనలియర్ దాకా నడపండి. సరిపోకపోతే 16 జీబీ ర్యామ్ ఉన్న కొత్తది వెంటనే కొనేయండి, జూన్ కోసం చూడొద్దు.

ఇక కొత్త చిప్‌ల సంగతి. 2026 జనవరిలో లాస్ వేగాస్ సీఈఎస్ ప్రదర్శనలో ఇంటెల్ కోర్ అల్ట్రా సిరీస్ 3 చిప్‌లను విడుదల చేసింది. పాంథర్ లేక్ అంటున్నది వీటినే. మంచి చిప్‌లు, కాదనను. కానీ ఏ కొత్త చిప్ అయినా ముందు దిగేది ఖరీదైన మోడళ్లలో. 50, 60 వేల ల్యాప్‌టాప్‌లలోకి అది విరివిగా రావడానికి ఆరు నెలలు సాధారణంగా సరిపోవు. ల్యాప్‌టాప్‌లకు ఇంటెల్ 12వ జనరేషన్ వచ్చింది 2022లో, 13వది 2023లో. కోర్ అల్ట్రా మొదటి చిప్‌లు 2023 డిసెంబర్‌లో వచ్చాయి. అయినా 60 వేల లోపు ఏ షాపులో చూసినా ఇప్పటికీ ఎక్కువగా కనిపించేవి ఆ 12, 13వ జనరేషన్ ల్యాప్‌టాప్‌లే. మీ బంధువుల అబ్బాయి అబద్ధం చెప్పలేదు, చిప్‌లు వచ్చిన మాట నిజం. అవి మీ బడ్జెట్‌లోకి జూన్‌లో వస్తాయన్న లెక్కే తప్పు.

ఇంకో చిక్కు ఉంది. పేరు కొత్తగా ఉన్నంత మాత్రాన లోపలి చిప్ కొత్తది కాదు. ఇంటెల్ 'ఐ' అక్షరం తీసేసి కోర్ 5 120యు లాంటి పేర్లు పెట్టింది. వినడానికి సరికొత్తగా ఉంటుంది, లోపల ఉన్నది 13వ జనరేషన్ కుటుంబమే. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ తెచ్చిన రైజెన్ 7000 సిరీస్‌లోనూ ఇదే సంగతి. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు పక్కపక్కన పెడితే నంబరులో పదే తేడా అనుకుంటాం. 7520యు లో ఉన్నది 2019 నాటి జెన్ 2 డిజైన్, నాలుగు కోర్లు (చిప్ లోపల లెక్కలు చేసే భాగాలు). 7530యు లో జెన్ 3, ఆరు కోర్లు. ఆ సిరీస్‌లో మూడో అంకె చూడండి: 2 అంటే పాత డిజైన్, 3 అంటే దానికంటే మెరుగు, 4 అంటే ఇంకా కొత్తది. పైగా 7520యు ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు. ఆరు నెలలు ఆగి చివరికి ఇలాంటి పాత చిప్‌నే కొత్త పేరుతో ఇంటికి తెచ్చుకున్నవాళ్లను నా కౌంటర్ దగ్గరే చూశాను. నిడమనూరు వైపు నుంచి వచ్చే ఒక డిగ్రీ అబ్బాయి దసరాకు కొంటానన్నాడు, తర్వాత సంక్రాంతి అన్నాడు, ఆ తర్వాత ఇంకో చిప్ ప్రకటించారని మళ్లీ ఆగాడు. ఈలోపు అతని ప్రాజెక్టు మొత్తం స్నేహితుడి ల్యాప్‌టాప్ మీదే, రాత్రిపూట ఆ పిల్లవాడు పడుకున్నాక జరిగింది. చివరికి కొన్నది మొదట చూసిన చిప్ ఉన్నదే.

ధర తగ్గుతుందన్న ఆశ గురించి కూడా చెప్పాలి. మామూలు రోజుల్లో అయితే పాత మోడల్ కొంత తగ్గేది. ఇప్పుడు పరిస్థితి వేరు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు కావలసిన మెమరీ వైపు ఉత్పత్తి మళ్లింది. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లు పెద్ద ఎత్తున చేసేవి ప్రధానంగా మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. అందులో మైక్రాన్, క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు అమ్మే ర్యామ్, ఎస్‌ఎస్‌డీల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ల్యాప్‌టాప్ ధరలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వాటా చిన్నది కాదు. కంపెనీలు ధర పెంచకపోతే ఇంకో దారి ఉంది, అదే ధరకు 16 జీబీ ఇచ్చేచోట 8 జీబీ పెట్టడం. అందుకే జూన్‌లో తగ్గుతుందని నేను ఎవరికీ మాట ఇవ్వడం లేదు. కాలేజీ సీజన్ ఆఫర్లు వస్తాయి, నిజమే. వాటిలో బ్యాగు, హెడ్‌ఫోన్, ఫలానా బ్యాంకు కార్డు ఉంటే మూడు నాలుగు వేల తగ్గింపు, ఇలాంటివే ఎక్కువ.

ఇప్పుడు మీ పాత ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. అసలు విషయం ఇక్కడే ఉంది.

మీ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ తప్పేమీ లేదు. ఐ5-8265యు నాలుగు కోర్ల చిప్. కోడింగ్ నేర్చుకోవడానికి, బ్రౌజర్‌కు, ఆన్‌లైన్ క్లాసులకు ఇప్పటికీ సరిపోతుంది. ఆలస్యం చేస్తున్నది హార్డ్ డిస్క్. ఆ ధరలో ఆ కాలపు ల్యాప్‌టాప్‌లకు మామూలుగా 5400 ఆర్‌పీఎం డిస్క్, అంటే నిమిషానికి 5400 చుట్లు తిరిగేది, వేసేవారు. విండోస్ తెరుచుకునేటప్పుడు వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు చదవాలి. అవి డిస్క్ మీద ఒకచోట ఉండవు. ఒక్కో ఫైలు కోసం లోపలి ముల్లు అటూ ఇటూ కదలాలి. మిర్యాలగూడ గోదాములో ఒక్కడే హమాలీ ఒక్కో బస్తా కోసం ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగితే లారీ ఎప్పటికి నిండుతుంది? ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ చదివితే సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ చోటులోనే పట్టే రకం) 500 ఎంబీ దాటుతుంది. చిన్న ఫైళ్ల దగ్గర తేడా అంతకంటే చాలా ఎక్కువ. ఐదు నిమిషాల బూటింగ్ అర నిమిషం లోపుకు రావడం నేను రోజూ చూసేదే.

నమ్మకం కుదరకపోతే మీరే చూడండి. ల్యాప్‌టాప్ ఆన్ చేసి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్లండి. డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి, మెమరీ 60, 70 శాతంలో ఉంటే జబ్బు డిస్క్‌ది. మెమరీ కూడా 90 దాటితే ర్యామ్‌కూ పని ఉంది. మెమరీ మీద నొక్కితే కింద 'స్లాట్స్ యూజ్డ్' అని ఉంటుంది. 2లో 1 అని చూపిస్తే ఖాళీ స్లాట్ ఉన్నట్టు, ఇంకో 8 జీబీ వేసుకోవచ్చు. మీది డీడీఆర్4 ర్యామ్. డీడీఆర్5 అందులో పట్టదు. షాపతను బిల్లు రాసేముందే ఈ మాట అడగండి. ఇప్పుడున్న ధరల్లో ర్యామ్ వెంటనే కొనమనను, ముందు ఎస్‌ఎస్‌డీ ఒక్కటే వేయించి చూడండి.

ఎస్‌ఎస్‌డీ ఎక్కడ వేయాలన్నది మూత తీసి చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది. ఆ కాలపు మోడళ్లలో చాలావాటికి హార్డ్ డిస్క్‌తో పాటు ఒక ఖాళీ ఎం.2 స్లాట్ (చిన్న ఎస్‌ఎస్‌డీ బిగించే చోటు) ఉంటుంది. ఉంటే విండోస్ ఎస్‌ఎస్‌డీ మీదికి పోతుంది, హార్డ్ డిస్క్ ఫొటోలు, ఫైళ్లకు అక్కడే ఉంటుంది. స్లాట్ లేకపోతే హార్డ్ డిస్క్ తీసి ఆ చోట 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తారు. తీసిన డిస్క్‌ను పారేయొద్దు, ఒక యూఎస్‌బీ కేసులో పెట్టించుకుంటే బ్యాకప్‌కు పనికొస్తుంది. 500 జీబీ సరిపోతుంది. ధరలు పెరగకముందు అది మూడు వేల చుట్టూ దొరికేది, ఇప్పుడు అంతకంటే ఎక్కువే ఉంటుంది, ఇద్దరు ముగ్గురిని అడగండి. పేరు లేని బ్రాండ్, వెయ్యి రూపాయలకు 2 టీబీ అనే సరుకు మాత్రం ముట్టుకోవద్దు. అలాంటి దానిలో పెట్టిన పెళ్లి ఫొటోలు పోగొట్టుకున్న కుటుంబం మా దగ్గరికి వచ్చింది, మేం తిరిగి తీయలేకపోయాం. బిల్లు, కనీసం మూడేళ్ల వారంటీ ఉన్నదే తీసుకోండి.

విండోస్ మళ్లీ కొనాల్సిన పని లేదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన అసలు లైసెన్స్ ఆ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్ కొత్తగా ఎక్కించి ఇంటర్నెట్‌కు కలిపితే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. లైసెన్స్ పేరుతో ఎవరైనా వేరుగా డబ్బులు అడిగితే ఇవ్వకండి. మూత తీసేముందు రెండు పనులు చేయండి: అమ్మాయి ఫైళ్లన్నీ ఇంకోచోట కాపీ చేయించండి, డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి (లోపలి ఫైళ్లకు తాళం పడి) ఉందేమో చూసి ఆ తాళం తీసే బిట్‌లాకర్ రికవరీ కీని మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి రాసి పెట్టుకోండి. ఆ కీ లేక ప్రాజెక్టు రిపోర్టు సబ్మిషన్ ముందు రోజు ఏడ్చిన పిల్లలున్నారు.

విండోస్ 11 ఎందుకంటే, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకు ఇచ్చిన అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల గడువు కూడా 2026 అక్టోబర్ 13 వరకే. మీ అదృష్టం, విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచే అధికారికంగా అనుమతి, మీది సరిగ్గా ఆ గీత మీద ఉంది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం అడుగుతుంది, అది చిప్‌లోనే ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులలో) ఆఫ్ అయి ఉంటే ఆన్ చేయాలి, టెక్నీషియన్‌కు చెబితే చాలు. ఇది చదువుతున్నవాళ్లలో 6, 7వ జనరేషన్ ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లకు ఈ సలహా ఇంత నేరుగా వర్తించదు. ఎస్‌ఎస్‌డీ వేస్తే వేగం వస్తుంది, కానీ విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. బ్యాంకు పనులు, ఆన్‌లైన్ చెల్లింపులు దానిమీదే చేస్తుంటే కొత్తదాని గురించి ఆలోచించాల్సిందే.

మూత ఎలాగూ తీస్తారు కాబట్టి ఫ్యాన్ శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీద వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ మార్పించండి. మన జిల్లాలో ఎండలు 44, 45 డిగ్రీలు పోతాయి. వేడెక్కితే ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మనం దాన్ని ముసలిదైందనుకుంటాం. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసు ల్యాప్‌టాప్ ఇలాగే వచ్చింది. ఓనరు గారు కొత్తదానికి డబ్బులు పట్టుకొనే వచ్చారు. మూత తీస్తే ఫ్యాన్ దగ్గర సన్నటి పొట్టు దుమ్ము గట్టిగా పేరుకుపోయి గాలి పోయే దారే లేదు. శుభ్రం చేసి పేస్ట్ మార్చి ఇచ్చాం. ఆ సీజన్ వడ్ల లెక్కలన్నీ దానిమీదే నడిచాయి.

పాతదాన్ని బాగు చేయించడం ఎప్పుడూ లాభమని అనను. దేవరకొండ నుంచి ఒక టీచరమ్మ 2016 ల్యాప్‌టాప్ తెచ్చారు. 6వ జనరేషన్, 4 జీబీ ర్యామ్, హింజ్ విరిగింది, కీబోర్డులో సగం అక్షరాలు పడవు, బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను పైకి నెట్టేస్తోంది. ఎస్‌ఎస్‌డీ వేయమన్నారు, నేను వేయలేదు. అన్నీ కలిపితే కొత్తదాని ధరలో మూడో వంతు దాటుతోంది. నా లెక్క అదే: మూడో వంతు దాటితే రిపేరు ఆపేస్తాను. మీ ల్యాప్‌టాప్‌కూ ఇలాంటివి ఉంటే ముందే చెప్పండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం సలహా కోసం ఆగకుండా ఇప్పుడే ఛార్జింగ్ ఆపేయండి, అది మంటలకు దారితీస్తుంది.

సరే, అమ్మాయికి ఈ ల్యాప్‌టాప్ సరిపోతుందా లేదా అన్నది ఎలా తేలుతుంది? ఆమెనే అడగండి, ఏం పని చేస్తున్నావమ్మా అని. జావా, పైథాన్, వెబ్ డెవలప్‌మెంట్, ప్లేస్‌మెంట్లకు కోడింగ్ ప్రాక్టీసు అయితే ఎస్‌ఎస్‌డీ వేసిన 8 జీబీ ల్యాప్‌టాప్ నడిపిస్తుంది. మెషీన్ లెర్నింగ్ అన్నా భయపడనక్కర్లేదు. విద్యార్థులు ఎక్కువగా వాడే గూగుల్ కొలాబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, బరువంతా అవతలి సర్వర్ మీద పడుతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు చేస్తుంటే సంగతి మారుతుంది. ఎమ్యులేటర్‌తో (ల్యాప్‌టాప్‌లోనే ఫోన్‌లా నడిచే ప్రోగ్రాం) కలిపి, ఆ యాప్‌లు చేసే ఆండ్రాయిడ్ స్టూడియోకు గూగుల్ చెప్పేదే 16 జీబీ. డాకర్, వర్చువల్ మెషీన్లు వాడాల్సి వచ్చినా అంతే. వేసవిలో ఇంటర్న్‌షిప్ ఉండి సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోమన్నారంటే ఇక ఆలోచించొద్దు, మార్చిలోనో ఏప్రిల్‌లోనో కొనేయండి. కొత్త మెషీన్‌లో అన్నీ సర్దుకోవడానికి పిల్లలకు కొన్ని రోజులు కావాలి, ఇంటర్న్‌షిప్ మొదటి రోజు పెట్టె విప్పితే టెన్షన్ పడతారు.

కొనేటప్పుడు ప్రాసెసర్ కంటే ముందు 16 జీబీ ర్యామ్ చూడండి. 8 జీబీ మోడల్ నచ్చితే ఖాళీ స్లాట్ ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ర్యామ్ పేరులో ఎల్‌పీడీడీఆర్ అని ఉంటే సాధారణంగా బోర్డుకు అతికించినదే. ఈ బడ్జెట్‌లో ఐ5 12450హెచ్, 13420హెచ్, రైజెన్ 5 7530యు లాంటి చిప్‌లు ఏవైనా ఆమె చదువు పూర్తయ్యాక కూడా పనికొస్తాయి. స్క్రీన్ విషయంలో షాపుల్లో ఎవరూ చెప్పరు, మీరే అడగాలి. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత ఒకటి ఉంటుంది. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే రంగులు వెలిసినట్టు ఉంటాయి. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ దొరికితే రెండు వేలు ఎక్కువైనా పెట్టండి, రోజూ ఎనిమిది గంటలు చూసేది ఆ తెరనే. గేమింగ్ ల్యాప్‌టాప్ అడిగితే ఒక్కసారి చేతికిచ్చి బరువు చూపించండి. రెండు కిలోలు దాటుతుంది, ఛార్జర్ వేరే. సాగర్ రోడ్డు బస్సులో హాలియాకూ హాస్టల్‌కూ మోసుకు తిరిగేది ఆమెనే. బ్యాటరీ కూడా క్లాసులు అయ్యేదాకా నిలవదు.

సర్వీసు మాట మర్చిపోకండి. మన దగ్గర ఇది ధర కంటే పెద్ద విషయం. కొన్ని బ్రాండ్లకు దగ్గరలో సర్వీసు సెంటర్ ఉండదు, చిన్న పనికీ హైదరాబాద్ పోవాలి. కంపెనీ వెబ్‌సైట్‌లో హాలియా, ఇబ్రహీంపట్నం పిన్‌కోడ్‌లు రెండూ కొట్టి, ఇంటికొచ్చి చేసే ఆన్‌సైట్ వారంటీ వర్తిస్తుందో చూడండి. హాస్టల్ పిల్లలకు యాక్సిడెంటల్ డ్యామేజ్ కవర్ ఉపయోగపడుతుంది, నీళ్లు పడటం, కింద పడటం అక్కడ మామూలే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ధర కొంచెం తక్కువ పలికినా జీఎస్టీ బిల్లు లేకుండా తేవద్దు. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం, బిల్లు లేకుండా ఆ మేరకు తగ్గిస్తామంటారు. తర్వాత వారంటీ దగ్గర తగవు వస్తే మీ చేతిలో కాగితం ఉండదు.

ఆగడం ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. మాక్‌బుక్ ఎయిర్ కొనేవాళ్లకు నేనే ఆగమని చెప్తుంటాను. ఎం3 ఎయిర్ 2024 మార్చిలో, ఎం4 ఎయిర్ 2025 మార్చిలో వచ్చాయి. ఫిబ్రవరిలో ఎవరైనా వస్తే, నెల ఆగితే కొత్తది అదే ధర చుట్టూ దొరకొచ్చు, పాతదాని మీద తగ్గింపూ రావొచ్చు అంటాను. అలాగే దసరా సేల్ ఇంకో రెండు మూడు వారాల్లో ఉందంటే ఆగండి. తేదీ తెలిసి, గడువు చిన్నదై, ఈలోపు పని ఆగకుండా ఉంటే ఆగడంలో లాభముంది. మీ విషయంలో ఈ మూడింటిలో మొదటి రెండూ లేవు. మూడోది ఎస్‌ఎస్‌డీతో వస్తుంది.

ల్యాప్‌టాప్ కింది స్టిక్కర్ మీద పూర్తి మోడల్ నంబరు ఉంటుంది. దాని ఫొటో, టాస్క్ మేనేజర్ డిస్క్, మెమరీ పేజీల ఫొటోలు, అమ్మాయికి ఇంటర్న్‌షిప్ ఏమైనా ఖాయమైందా అన్న మాట ఇక్కడ పెట్టండి. ఎం.2 స్లాట్ ఉందో లేదో, ఏ ఎస్‌ఎస్‌డీ పడుతుందో చూసి చెప్తాను. ఫొటోలో సీరియల్ నంబరు మాత్రం కనపడకుండా వేలు అడ్డం పెట్టండి.